హీటర్‌కు ఆనుకొని మా ఫ్లవర్‌హార్న్ ఒళ్లు కాలింది, చేప తోలు మళ్ల ఎట్ల వస్తది?

మానేరు తీరం:

అందరికి నమస్తే. మాది కరీంనగర్. ఇంట్ల మూడడుగుల ట్యాంకు ఉంది, అందుల ఒక్కటే ఫ్లవర్‌హార్న్. మా పెద్దోడు దానికి బాద్షా అని పేరు పెట్టుకున్నడు. ఈ చలికి నీళ్లు మరీ సల్లగైతున్నయని హీటర్ పెట్టినం. మామూలు గాజు గొట్టం హీటరే, వెనక అద్దానికి నిలువుగ అతికించేది. మొన్న రాత్రి చలి బాగుండె. పొద్దున లేచి చూస్తే బాద్షా హీటర్‌కు, అద్దానికి నడుమ సందుల ఒరిగి ఉంది. లైటు వేయంగనే బయటికొచ్చింది గని, ఎడమ పక్క రెక్క వెనకాల నుంచి తోక దిక్కు ఒక పట్టీ తెల్లగ పాలిపోయి ఉంది. వేలెడు పొడుగు, బొటనవేలంత వెడల్పు.

మొదటి రోజు ఆ తెలుపు అట్లనే ఉండె. తెల్లారి పొరలు పొరలు ఊడుడు మొదలైంది, నడుమ నాలుగైదు పొలుసులు రాలినయి. ఇప్పుడు లోపల ఎర్రగ, పచ్చిగ కనిపిస్తుంది. ఇంకో సంగతి ఏందంటే, మొదటి రోజు కంటె ఇప్పుడు మచ్చ పెద్దగైనట్టుంది. తిండి వేస్తే మొఖం తిప్పుకుంటుంది. ఎప్పుడూ అద్దం దగ్గరికి ఉరికొచ్చి వేలు వెంట తిరిగేది, ఇప్పుడు మూలకు నిలబడుతుంది.

అక్వేరియం షాపాయనను అడిగితే మిథిలీన్ బ్లూ మందు పోయమన్నడు. ఇంకొకాయన చేపను బయటికి తీసి పసుపు రాసి మళ్ల వదలమన్నడు. మా అమ్మేమో మనుషులకు కాలితే పెట్టే ఆయింట్‌మెంట్ ఇంట్ల ఉంది కద, అదే పెట్టమంటుంది. నేనింకా ఏదీ పెట్టలే. హీటర్‌ను మాత్రం జరిపి, చుట్టూ ప్లాస్టిక్ జాలీ కట్టిన.

మందు పేరు ఒక్కటే తెలిస్తే సరిపోదు నాకు. మనకు కాలితే బొబ్బ లేస్తది, పొక్కు కడుతది, అది ఊడి కింద కొత్త తోలు వస్తది. రాత్రింబగళ్లు నీళ్లల్ల ఉండే చేపకు పొక్కు ఎట్ల నిలుస్తది? కొత్త తోలు యాడికెళ్లి వస్తది? పొలుసులు మళ్ల మొలుస్తయా? పెద్దోడు బడి నుంచి రాంగనే సంచి కింద పడేసి ట్యాంకు కాడ నిలబడి ఇదే అడుగుతున్నడు. తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

చెరువుగట్టు:

నమస్తే అండి. మాది భీమవరం దగ్గర. మా నాన్నగారి కాలం నుంచీ చేపల చెరువులే. నా అనుభవం చెరువుల్లో, అయినా గాయం విషయంలో చేప చేపేనండి.

ముందుగా, దాన్ని దయచేసి బయటికి తియ్యకండి. చేప ఒంటి మీద జిగురు ఉంటుంది చూశారూ, అదే దానికి మొదటి కాపలా. పొడి చెయ్యి తగిలినా, గరుకు వల తగిలినా అది తుడిచిపెట్టుకుపోతుంది. కాలిన చోట ఎలాగూ పోయింది. పసుపు రాద్దామని పట్టుకుంటే బాగున్న చోట కూడా మీరే తీసేసినట్టవుతుంది. ఆ పసుపు నీళ్లలో పడ్డ మరుక్షణం కొట్టుకుపోతుంది కూడాను. నూనె ఆధారంగా చేసిన ఆయింట్‌మెంట్ అయితే నీటి మీద తెట్టు కడుతుంది, మొప్పలకు మంచిది కాదు. మిథిలీన్ బ్లూ పోస్తే ఫిల్టర్‌లో వ్యర్థాన్ని విరగ్గొట్టే మంచి బ్యాక్టీరియా దెబ్బతింటుంది, ఆ తర్వాత అమ్మోనియా పెరిగి పచ్చి గాయం మీద మంట పెడుతుంది. బూజు కనపడనప్పుడు దాంతో పని లేదు.

మా దగ్గర సైజు చూడ్డానికి వల లాగినప్పుడు శీలావతికీ, బొచ్చెకీ పక్కల్లో గీసుకుపోతుంటాయి. ఎండాకాలంలో అలాంటి గీత ఇట్టే కప్పుకుపోతుంది. అదే గీత సంక్రాంతి రోజుల్లో పడిందంటే ఎర్రగా అలాగే ఉండిపోతుంది. నీళ్లు చల్లబడితే చేప ఒంట్లో పని అంతా మెల్లగా నడుస్తుంది, గాయం మానడం కూడా అంతే. పుండ్ల జబ్బు మమ్మల్ని ఏడిపించేది కూడా ఆ చలికాలంలోనే. కాబట్టి భయపడి హీటర్ ఆపేయకండి. జాలీ కట్టారు, మంచి పని చేశారు. నీళ్లు 28 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచండి. పగలు ఒకలా రాత్రి ఒకలా మారకుండా చూస్కోండి.

రెండోది ఉప్పు. పిల్ల చేపల్ని బండి మీద తోలేటప్పుడు మేం నీళ్లలో కాస్త ఉప్పు వేస్తాం. రాపిడికి జిగురు పోయిన పిల్ల కూడా దాంతో తట్టుకుంటుంది. ఏమీ కలపని కల్లుప్పు తీసుకోండి. ఎందుకు పనిచేస్తుందో చదువుకున్నవాళ్లెవరైనా చెప్తే నాకూ వినాలని ఉందండి. పని చెయ్యడం మాత్రం కళ్లారా చూస్తున్నదే.

తోకచుక్క:

మానేరు తీరం గారూ, చెరువుగట్టు గారి మాటలు ఒక్కటీ వదలకండి. మీ అబ్బాయి ప్రశ్నకు జవాబు నేను చెప్తాను. హైదరాబాద్‌లో జీబ్రాఫిష్ మీద పనిచేసే ల్యాబ్‌లో ఉంటాను, గాయాలు మానే తీరే నా పని. అక్వేరియం షాపుల్లో నీలి చారలతో గుంపుగా తిరుగుతుంటాయే, ఆ చిన్న చేపలే. మన ఉపఖండపు వాగుల్లో పుట్టిన చేప అది.

పొక్కు సంగతి ముందు. మన చర్మంలో అన్నిటికన్నా పైన ఉండేది చచ్చిన కణాల పొర. ఎండి, గట్టిపడి, గాలికి ఓర్చుకునేది. చేపకు అది లేదు. నీటిని తాకే అంచు వరకూ బతికున్న కణాలే, మధ్యమధ్యలో జిగురు వదిలే కణాలు. పొలుసులు పైన అతికించినవి అనుకుంటాం గానీ వాటి మొదలు లోపలి పొరలో చిన్న సంచుల్లో నాటుకొని ఉంటుంది. పొలుసు మీద నుంచి కూడా పలుచటి బతికున్న చర్మం కప్పి ఉంటుంది. మీరు మొదటి రోజు చూసిన తెలుపు ఆ కణాలూ, జిగురూ వేడికి గడ్డకట్టడం. అవి పొరలుగా ఊడాయి. సంచులు కూడా దెబ్బతిన్న చోట పొలుసులు రాలాయి. కింద కనిపించే ఎరుపు రక్తనాళాలున్న లోపలి పొర.

ఇక కొత్త చర్మం ఎక్కడి నుంచి వస్తుందంటే, గాయం అంచు నుంచి. మనకైతే రక్తం గడ్డకట్టి పొక్కు కట్టాక, దాని కింద తడిలో దారి చేసుకుంటూ కణాలు రావాలి. చేప కణాలు పొక్కు కోసం ఆగవు. నీళ్లలో ఉన్నాయి కాబట్టి ఎండిపోయే బాధ లేదు. అంచున ఉన్నవి చదునుగా సాగి, పక్కవాటితో పట్టు వదలకుండా, అన్నీ కలిసి గాయం మీదికి జరుగుతాయి. జర్మనీలో కొలోన్ శాస్త్రవేత్తలు 2013లో పెద్ద జీబ్రాఫిష్‌కు మత్తిచ్చి, లేజర్‌తో ఒంటి మీద చిన్న గాయం చేసి చూశారు. పైపొర ఒక్క రోజులోపే మూసుకుంది. వాపు, కింద కొత్త కండ పట్టడం, ఆ కండ మళ్లీ తగ్గడం ఇవన్నీ మూసుకున్న తర్వాత ఒకదాని వెనుక ఒకటి జరిగాయి. చివరికి మచ్చ దాదాపు మిగల్లేదు. మన ఒంట్లో ఇంత వేగం ఉండదు, మచ్చ లేకుండా పోవడం అసలే ఉండదు.

అది కోత లాంటి శుభ్రమైన గాయం. కాలిన గాయం దారి వేరు, అసలు కథ అక్కడే ఉంది.

నేను రోజూ చూసేది మూడు రోజుల పిల్ల చేపల్ని. పొడవు మూడున్నర మిల్లీమీటర్లుంటుంది, ఒళ్లంతా పారదర్శకం. మత్తు కలిపిన నీటిలో ఉంచి, గోరువెచ్చటి అగరోజ్ అనే జెల్లీలో పడుకోబెట్టి, తోక వైపు మాత్రం ఆ జెల్లీని సూదితో తీసేస్తాం. మైక్రోస్కోప్ కింద తోక రెక్కలో ప్రతి కణం గోడా కనిపిస్తుంది. తెల్లకణాలకు పచ్చగా మెరిసే ప్రొటీన్ పెట్టిన చేపలైతే, తోక కొసన కొంచెం కోసిన కాసేపటికి ఆ పచ్చటి చుక్కలు రక్తనాళాల వైపు నుంచి బయలుదేరి, దారిలో ఆగుతూ, వంపులు తిరుగుతూ సరిగ్గా కోసిన అంచుకే వస్తాయి. వాటికి కబురు ఎవరు పంపారన్నది 2009లో హార్వర్డ్‌లో ఫిలిప్ నీటామర్ బృందం ఇదే తోక మీద కనిపెట్టింది. గాయమైన అంచులోని చర్మ కణాలే హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేసి వదులుతాయి. అంచులో ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ. తెల్లకణాలు రావడం దాని తర్వాతే మొదలవుతుంది. (దీన్ని చదివి ఎవరూ మందుల షాపు పెరాక్సైడ్ తెచ్చి చేప మీద పోయకండి. కణం వదిలేది అణువంత. సీసాలో ఉన్నది కణాల్ని చంపేంత.)

కాలినప్పుడు ఏమవుతుందో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, మాడిసన్‌లో అన్నా హటెన్‌లాకర్ బృందం ఏళ్ల తరబడి చూస్తోంది. 2024లో వాళ్లు ప్రచురించిన పని నాకు చాలా ఇష్టం. తోక కోసిన పిల్లల్లో చర్మంలోని స్పర్శ నరాలు మళ్లీ పెరిగాయి, తాకితే చేప స్పందించింది. తోక కాల్చిన పిల్లల్లో అది సరిగా జరగలేదు. కారణం కోసం కాలిన క్షణం నుంచీ వీడియో తీశారు. వేడి తగలగానే చర్మ కణాలు గుంపుగా, విపరీతమైన వేగంతో గాయం వైపు దూసుకుపోయాయి. చాపను ఒక కొస పట్టి లాగితే మీదున్నవన్నీ దాంతో పాటే కదిలినట్టు, వాటిని అల్లుకొని ఉన్న సన్నటి నరాల కొసలు కూడా దెబ్బతిన్నాయి. పెరాక్సైడ్ లాంటి పదార్థాలు అంచుకు పరిమితం కాకుండా తోక రెక్కంతా పరుచుకున్నాయి, చాలాసేపు అలాగే ఉన్నాయి. గాయం అంచు ఎక్కడో ఒంటికి చెప్పాల్సిన గుర్తు చెదిరిపోయిందన్నమాట.

అప్పుడు వాళ్లు చేసింది చూడండి. పిల్లలున్న నీళ్లలో ఉప్పు కలిపి, చేప ఒంట్లోని సాంద్రతకు సమానం చేశారు. కణాల పరుగు తగ్గింది. పెరాక్సైడ్ గాయం అంచు దగ్గరే నిలిచింది. స్పర్శ తిరిగొచ్చింది.

చెరువుగట్టు గారూ, మీ ఉప్పు ప్రశ్నకు జవాబు సగం ఇందులోనే ఉంది. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు దాదాపు మన సెలైన్ సీసాలో ఉన్నంత, అంటే 0.9 శాతానికి దగ్గరగా ఉంటుంది. చుట్టూ ఉన్న నీళ్లలో దాదాపు ఏమీ ఉండదు. చర్మం బాగున్నంత కాలం అది అడ్డు. కాలిన చోట అడ్డు పోయింది కాబట్టి నీళ్లు లోపలికి చొరబడుతుంటాయి, ఒంట్లోని లవణాలు బయటికి కారిపోతుంటాయి. లోపలికొచ్చిన నీటిని తోడెయ్యడానికి మూత్రపిండాలు, పోయిన లవణాన్ని మళ్లీ పట్టుకోవడానికి మొప్పలు ఆగకుండా పనిచేయాలి. బాద్షా తిండి మానేసి మూలన నిలబడటానికి ఇదొక పెద్ద కారణం అయ్యుండొచ్చు. నీళ్లలో కొంచెం ఉప్పుంటే ఆ తేడా తగ్గుతుంది, చేప తన శక్తిని చర్మం మీద పెట్టుకుంటుంది.

నొప్పి ఇంకో కారణం. చేపకు నొప్పి ఉండదులే అనే మాట నేను ఒప్పుకోను. ఆ నరాలను రోజూ చూస్తున్నదాన్ని.

మచ్చ పెద్దదైందన్నారు. కాలిన గాయంలో నడిబొడ్డున ఉన్న కణాలు అప్పుడే చచ్చిపోతాయి. చుట్టూ ఉన్నవి దెబ్బతిని, బతకాలా చావాలా అన్న స్థితిలో రెండు మూడు రోజులుంటాయి. మనుషుల్లోనూ ఇంతే. అందుకని రెండో రోజుకు అంచు వెనక్కి జరిగిందంటే వెంటనే ఇన్ఫెక్షన్ అనుకోనక్కర్లేదు. చుట్టూ ఉన్న ఆ కణాలు బతకాలంటే నీళ్లు శుభ్రంగా ఉండాలి. రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చండి, కొత్త నీళ్ల వేడి పాత నీళ్లకు సమానంగా చూసుకొని, క్లోరిన్ పోగొట్టి పోయండి. గాలి రాయి ఒకటి అదనంగా పెట్టండి, వెచ్చటి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది.

మానేరు తీరం:

అక్కా, ఇంత ఓపికగ చెప్పినందుకు మస్తు థ్యాంక్స్. మా పెద్దోనికి మొత్తం సదివి వినిపించిన. "కణాలు ఉరికినయంటె వాటికి కాళ్లుంటయా" అని అడిగిండు, దానికి జవాబు మీరే చెప్పాలె.

నాదొక అనుమానం. ల్యాబుల ఒంటికి సమానంగ ఉప్పు చేసిండ్రు అంటిరి కద, అంటే లీటరుకు 9 గ్రాములు అన్నట్టు. నేను కూడ అంతే వేయాల్నా? ట్యాంకు మూడడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు.

తోకచుక్క:

వద్దు వద్దు, 9 గ్రాములు వేయొద్దు. అది మూడు రోజుల పిల్ల మీద, ప్రయోగంలో చేసిన పని. ఇంకో సంగతి కూడా ఉంది. కోత గాయాల్లో నీళ్లు లోపలికి చొరబడటమే "ఇక్కడ తెగింది, మూసెయ్యండి" అని కణాలకు కబురవుతుంది. నీటామర్ బృందమే 2014లో చూపించింది, సమాన సాంద్రత ఉన్న నీళ్లలో పెడితే కోత మూసుకోవడం మందగించింది. అదే కబురు కాలిన చోట మోతాదు మించి కణాల్ని పరుగెత్తిస్తోంది. కాబట్టి ఉప్పు ఎంత ఎక్కువైతే అంత మంచిదనే లెక్క లేదు. ఇంట్లో మీరు చేసేది చేప మీద భారం తగ్గించడం. దానికి లీటరుకు 3 గ్రాములు చాలు.

మీ ట్యాంకు అంచుల దాకా నింపితే 190 లీటర్లు. పైన ఖాళీ, కింద గులకరాళ్లు తీసేస్తే 170 అనుకుందాం. మొత్తం అర కిలో ఉప్పు. ఒక్కసారి వేయకండి. మూడు భాగాలు చేసి, పూటకు ఒకటి చొప్పున, మగ్గు నీళ్లలో పూర్తిగా కరిగించి ఫిల్టర్ నీళ్లు పడేచోట పోయండి. కరగని రాయి గాయానికి తగిలితే మంటే. నీళ్లు మార్చినప్పుడు తీసిన నీళ్లకు సరిపడా ఉప్పే మళ్లీ కలపాలి. ఉప్పు ఆవిరైపోదు, అందుకని ఆవిరైన నీళ్లకు బదులు మామూలు నీళ్లే పోయండి. ట్యాంకులో మొక్కలుంటే వేరే చోటికి మార్చండి.

గాయం మీద తెల్లటి నూగు లేస్తే అది బూజు. చచ్చిన చర్మాన్ని పట్టుకొని పెరుగుతుంది. ఎరుపు చారలుగా పక్కకు పాకినా, పొట్ట ఉబ్బినా, కళ్లు ముందుకొచ్చినా అది లోపలికి పాకిన బ్యాక్టీరియా. అప్పుడు ఫోరంలో అడగొద్దు, షాపు మందూ వద్దు. మత్స్య కళాశాల వాళ్లకో, చేపలు చూసే పశువైద్యులకో చూపించాలి.

మీ అబ్బాయికి: కాళ్లు ముందే ఉండవు, కావాల్సినప్పుడు చేసుకుంటాయి. కణం ముందు అంచు పలుచటి రేకుగా సాగి నేలను పట్టుకుంటుంది, వెనక అంచు పట్టు వదిలి ముందుకు జరుగుతుంది. చేప పొలుసు ఒకటి గాజు పలక మీద తడిగా ఉంచితే దాని మీది చర్మ కణాలు దిగి నడుస్తాయి. కాలేజీ ల్యాబుల్లో మామూలు మైక్రోస్కోప్‌తోనే ఇది చూడొచ్చు.

విశాఖ సిస్టర్:

తోకచుక్క గారూ, నేను విశాఖలో కాలిన గాయాల వార్డులో స్టాఫ్ నర్సుని. చేపల తొట్టె గురించి వెతుకుతూ ఇటొచ్చి మొత్తం చదివాను. మా వార్డులో అందరి కన్నా ఎక్కువ భయపడేది డ్రెస్సింగ్ మార్చే పూటకి. తెల్ల క్రీము, సిల్వర్ సల్ఫాడయజీన్, పాతది కడిగి తీసి కొత్తది రాయాలి. గుడ్డ అంటుకున్న చోట తడిపి తడిపి తీసినా కొత్తగా పట్టిన చర్మం కొంత దాంతో వచ్చేస్తుంది. ట్రాలీ చక్రాల చప్పుడు వినగానే పిల్లలు ఏడుపు మొదలెడతారు. అది రోజూ వినేదాన్ని కనుక ఈ ప్రశ్న.

బ్రెజిల్‌లో, ఫోర్టలేజా ఊళ్లో, తిలాపియా చేప చర్మాన్ని కాలిన గాయం మీద పరుస్తారని చదివాను. ఎడ్మార్ మాసియెల్ అనే ప్లాస్టిక్ సర్జన్, సియారా ఫెడరల్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి మొదలెట్టిన పని. చేపల ఫ్యాక్టరీల్లో పారేసే చర్మాన్నే శుభ్రం చేసి, గ్లిజరిన్‌లో నానబెట్టి, గామా కిరణాలతో క్రిములు లేకుండా చేసి వాడతారట. 2021లో 115 మంది మీద క్రీముతో పోల్చి చూసిన ఫలితాలొచ్చాయి. నొప్పి తక్కువ, ఖర్చు తక్కువ. పైపైన కాలిన రెండో డిగ్రీ గాయాలకు ఒకసారి అతికిస్తే కింద చర్మం వచ్చేదాకా చాలాసార్లు మార్చక్కర్లేదట. నాకు అన్నిటికన్నా ఆ మాటే పట్టుకుంది.

2017 డిసెంబరులో కాలిఫోర్నియా కార్చిచ్చులో పాదాలు కాలిన రెండు ఎలుగుబంట్లకూ, ఒక కొండ సింహం పిల్లకూ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పశువైద్యులు ఇదే వేశారు. కట్టు విప్పుకొని తిన్నా ప్రమాదం లేకుండా పైన బియ్యపు కాగితం, మొక్కజొన్న పొత్తు ఆకులు చుట్టారు.

నా ప్రశ్న ఏంటంటే, చేప చర్మం అంత త్వరగా మానుతుంది కాబట్టే అది మనుషుల్నీ త్వరగా మాన్పుతోందా? రెండిటికీ సంబంధం ఉందా?

ఇది చదివే వాళ్లకు మరో మాట. బజారు నుంచి తెచ్చిన చేప చర్మాన్ని ఇంట్లో గాయం మీద పెట్టుకోవద్దు. దాని మీద ఎన్ని క్రిములుంటాయో. కాలిన వెంటనే చేయాల్సింది కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పారనివ్వడం. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు ఏవీ వద్దు. అవి పూసుకొని వచ్చిన వాళ్లకు అవి గీకి తీయడమే మాకు మొదటి పని, వాళ్లకు మొదటి నరకం.

తోకచుక్క:

సిస్టర్ గారూ, సంబంధం లేదండి. బాద్షా ఒంటి మీద పనిచేస్తున్నవి బతికున్న కణాలు. ఫోర్టలేజాలో వేసే చర్మంలో బతికున్న కణం ఒక్కటీ ఉండదు. అక్కడ పనిచేసేది కింది పొరలోని కొలాజెన్ అనే ప్రొటీన్. అది గాయానికి గట్టిగా అతుక్కుంటుంది, లోపలి తడిని ఆపుతుంది, గాలీ గుడ్డా తగలకుండా నరాల కొసల్ని కప్పుతుంది, బయటి క్రిములకు అడ్డుగా నిలుస్తుంది. కింద మనిషి కణాలు తమ వేగంతోనే నడుచుకుంటూ వస్తాయి. పూర్తయ్యాక చేప చర్మం ఎండి విడిపోతుంది. మానే రోజుల్లో తేడా కొంచెమే. మీరు చెప్పిన ఆ ట్రాలీ చప్పుడు తగ్గడమే ఇందులో పెద్ద లాభమని నేననుకుంటాను.

ఐస్‌లాండ్‌లో కెరెసిస్ అనే కంపెనీ కాడ్ చేప చర్మంతో చేసేది కొంచెం వేరు. కణాలన్నీ తీసేసి, సందులున్న అల్లికను మాత్రం మిగిల్చి, గాయంలో కలిసిపోయేలా వాడతారు. రోగి కణాలు ఆ సందుల్లోకి పెరుగుతాయి. ఆవు, పంది చర్మాలతో పోలిస్తే చల్లటి సముద్రపు చేప నుంచి మనిషికి జబ్బులు అంటుకునే భయం తక్కువ కాబట్టి కఠినమైన రసాయనాలు అక్కర్లేదు, అల్లిక చెడిపోదు.

అయితే మీరడిగిన దాంట్లో ఒక మంచి సంగతి ఉంది. మాడిసన్ వాళ్ల పనిలో నాకు ముఖ్యంగా తోచింది మచ్చ గురించి కాదు, స్పర్శ గురించి. కాలిన గాయం మానిన వాళ్లు ఏళ్ల తర్వాత కూడా ఆ చోట మొద్దుబారిందనో, ఊరికే మంట పుడుతోందనో చెప్పడం మీరు వినే ఉంటారు. మూసుకున్న చర్మం కింద నరాల పరిస్థితి ఏంటని మనం సరిగా అడగడం లేదు. మొదటి కొన్ని నిమిషాల్లో కణాలు ఎలా కదిలాయన్నదే తర్వాతి స్పర్శను నిర్ణయిస్తుంటే, ఆ మొదటి నిమిషాల్లో చేయగలిగింది ఏదో ఉండాలి. మనుషుల్లో అది ఇంకా తేలాలి. చేపలో మాత్రం దారి కనిపించింది.

మానేరు తీరం:

అక్కా, అన్నా, సిస్టర్, అందరికి చెప్పాల్సిన మాట: బాద్షా మళ్ల తింటుంది! ఉప్పు మూడు భాగాలు చేసే వేసినం. ఎరుపు పోయి ఇప్పుడు ఆ పట్టీ మీద బూడిద రంగు పలుచటి పొర నిగనిగలాడుతుంది. గని, చుట్టూ అంచుకు నల్లగ గీత వచ్చింది, నడుమ కూడ నల్లటి చుక్కలు. తోలు కుళ్లుతుందా అని మా అమ్మ భయపడుతుంది. పొలుసులైతే ఇంకా ఏం కనిపిస్తలేవు.

తోకచుక్క:

అమ్మగారికి ధైర్యం చెప్పండి. కుళ్లితే మెత్తబడి పొరలుగా ఊడుతుంది, నల్లటి గీత గీసుకోదు. అది రంగు కణాలు తిరిగి రావడం. పైపొర ముందు మూసుకుంటుంది, రంగు కణాలు తర్వాత వస్తాయి, మొదట్లో అవసరానికి మించి చేరతాయి. చాలా చేపల్లో ఆ నలుపు వారాల తరబడి ఉండి పలచబడుతుంది. మీ బాద్షా ఎర్ర చేప కాబట్టి కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

పొలుసులు మొలుస్తాయి, కాకపోతే సంచి మిగిలిన చోట ముందు, సంచి కూడా కాలిన చోట ఆలస్యంగా. వచ్చినవి చిన్నవిగా, వరస తప్పి ఉండొచ్చు. నడిమధ్య బాగా లోతుగా కాలి ఉంటే అక్కడ నున్నగానే మిగిలిపోవచ్చు, దాంతో చేపకు ఇబ్బంది లేదు.

ఉప్పును ఇప్పుడే తీసేయకండి. పైన మెరిసే ఆ పొర ఇంకా కొన్ని వరసల కణాలే, కింద పని నడుస్తోంది. పొలుసుల ఆనవాలు కనిపించాక, నీళ్లు మార్చిన ప్రతిసారీ ఉప్పు లేని నీళ్లు పోస్తూ పోతే అదే తగ్గిపోతుంది. హీటర్‌ను నిలువుగా కాకుండా, అడుగుకు దగ్గరగా అడ్డంగా, ఫిల్టర్ నీళ్లు తగిలే చోట పెట్టండి. అద్దానికీ దానికీ మధ్య చేప దూరే సందు ఉండకూడదు. జాలీ అలాగే ఉంచండి.

మీ అబ్బాయికి ఒక పని. వారానికోసారి, ఒకే వేళ, ఒకే వెలుతురులో, అద్దానికి స్కేలు ఆనించి ఫోటో తీయమనండి. అంచు ఏ వైపు నుంచి ముందు మూసుకుందో, మొదటి పొలుసు ఎక్కడ వచ్చిందో రాసి పెట్టుకోమనండి. ఫ్లవర్‌హార్న్‌లో దీన్ని అంత వరసగా చూసిన ఫోటోలు నాకైతే కావాలి, ఇక్కడ పెట్టండి.